చారల్లేని వెల్లుల్లి

సాలూరు నుంచి కొండల వైపు వెళ్ళే దారిలో బేతనీపేట అని ఒక ఊరుంది. ఆ ఊళ్ళో వెల్లుల్లి పండుతుందంటే విజయనగరంలో ఎవరూ నమ్మరు. వాళ్ళ లెక్కలో వెల్లుల్లి కిరాణా కొట్టు గోనెసంచిలోంచి వస్తుంది తప్ప మట్టిలోంచి రాదు. అయినా బేతనీపేటలో పండేది. అందుకు తమ కుటుంబమే కారణమని ఏసురాజు నమ్మకం. ఆ నమ్మకాన్ని అతను ఎవరి దగ్గరా దాచుకోలేదు.

ఏసురాజు అక్కడి బాప్టిస్టు సంఘానికి పెద్ద. అంతకంటే ముందు వెల్లుల్లికి పెద్ద. అతని తండ్రి ఎప్పుడో ఒడిశా కొండల మీది సంతలో నాలుగు పాయలు కొని తువ్వాలులో మూటగట్టి తెచ్చాడు. నాటితే, మొలిచిన వాటిలో కొన్నింటి ఆకుల మీద లేతపసుపు చారలు నిలువుగా, ఎవరో కూర్చుని గీసినట్టు కనపడ్డాయి. "ఇదిరా మన ఎల్లుల్లి. సార ఉంటే మనది, నేకపోతే సంతది" అన్నాడు తండ్రి. కొన్నాళ్ళకు ఆయన పోయాడు. ఆ ఒక్క ముక్క పట్టుకుని ఏసురాజు ముసలివాడయ్యాడు.

పొద్దున్నే చేతులు వెనక్కి కట్టుకుని మడిలో తిరగడం అతని పని. చారల్లేకుండా ఉత్త పచ్చగా ఎదిగిన మొక్క కనపడితే ఆగేవాడు. వరిలో కేళీలు, అంటే వేరే రకం మొక్కలు, తీసినట్టు దాన్ని వేళ్ళతో సహా పీకి, మడి చివరనున్న వెదురు దడి మీంచి అవతలకి విసిరేవాడు. అవతల అతని వదిన ప్రిస్కిల్లా పెరడు. అన్న పోయాక ఆవిడ అక్కడ ఒక్కతే ఉండేది. మొక్కలు అటు విసరడం వదిన మీద కోపంతో కాదు, దడి అక్కడ ఉంది కాబట్టి. కోపం తర్వాత వచ్చింది.

ఊరందరికీ విత్తనం ఏసురాజు మడిదే. పంట చేతికొచ్చాక చర్చిలో కోతల పండుగ చేస్తారు. ఆ రోజు ఏసురాజు తెల్ల చొక్కా వేసుకుని గంప నిండా పాయలు తెచ్చి ముందు పెడతాడు. పాస్టరు గారు వాటి మీద ప్రార్థన చేస్తారు. తర్వాత ఏసురాజు తన చేత్తో ఇంటికొక పాయ ఇస్తాడు. ఆ పాయను తినకూడదు. పొయ్యి పైన దూలానికి వేలాడదీసి, వానలు వెనకపట్టాక మడిలో మొదటి సాలు దాని రెబ్బలతోనే వేయాలి. అలా ఒక్కొక్క మడే చారలమయమైంది. ఈమధ్య కేళీలు బాగా తగ్గిపోయాయని, విత్తనం శుద్ధి అయిందని ఏసురాజు గర్వపడేవాడు.

పాయలు మాత్రం ఏటేటా చిన్నవవుతున్నాయి. ఎవరైనా అడిగితే హుద్‌హుద్ అనేవాడు. అడిగినవాళ్ళు కూడా సరేననేవాళ్ళు. ఆ తుపాను తర్వాత ఈ ప్రాంతంలో చిక్కిపోయిన ప్రతిదీ, కొబ్బరికాయల దగ్గర్నుంచి అల్లుళ్ళ మర్యాదల దాకా, దాని ఖాతాలోనే పడింది.

తుపాను మరుసటి ఏడు కోతల పండుగలో ప్రిస్కిల్లా తన పాయ అందుకుని, తిప్పి చూసి, కూర్చోకుండా నిలబడిపోయింది.

"పాస్టరు గారూ, నాను కాపరానికొచ్చినప్పుడు ఈ ఎల్లుల్లి పాయ పిడికిట్లో పట్టీది కాదు. ఇప్పుడు సూడండి, రేగుపండంత ఉన్నాది. తుపానుకి ముందు నుంచే తగ్గుతన్నాది. ఇత్తనంలోనే ఏదో తేడా ఉన్నాది" అంది.

ఏసురాజుకు చెవులు కాలిపోయాయి. "అబద్ధం. ఇత్తనంలో తేడా నేదు. కొందరి నమ్మకంలో ఉన్నాది" అన్నాడు. ప్రిస్కిల్లా పాయను తీసుకెళ్ళి మళ్ళీ గంపలో పెట్టేసి వెళ్ళిపోయింది.

ఆ రోజు నుంచి వదినా మరుదులకు మాటల్లేవు. మాటలు లేవంటే అసలు మాట్లాడుకోలేదని కాదు. ఏసురాజు భార్య వెంకటలక్ష్మి ద్వారా మాట్లాడుకునేవారు. బాప్తిస్మం పుచ్చుకున్నప్పుడు పేరు మార్చుకోమంటే, "రేషన్ కార్డులో ఎవరు మారుస్తారేటి?" అని అడిగి అదే పేరుతో ఉండిపోయిన మనిషి వెంకటలక్ష్మి. అటువంటి మనిషిని దడి దగ్గర నిలబెట్టారు. ఆయన మాట ఆవిడకు వినపడుతూనే ఉండేది, ఆవిడ మాట ఆయనకూ వినపడేది. అయినా మధ్యలో వెంకటలక్ష్మి ప్రతి మాటా మళ్ళీ చెప్పాలి, లేకపోతే లెక్కలోకి రాదు.

కొన్నాళ్ళకు వదిన పెరట్లో వెల్లుల్లి మడి లేచింది. తను విసిరిన మొక్కల్ని పారేయడానికి మనసొప్పక ఆవిడ నాటుకుందని ఏసురాజుకు తెలుసు. కేళీలే కదా, పోనీ అనుకున్నాడు. కానీ మంచి మొక్క ఒకటి పొరపాటున అటు పోతే?

"లచ్చిమీ, మా సారల మొక్క ఆ పెరట్లో కనపడిందంటే అది దొంగతనం కిందే లెక్కని సెప్పు."

వెంకటలక్ష్మి నోరు తెరిచేలోపే దడి అవతల నుంచి జవాబొచ్చింది. "ఇన్నానని సెప్పే లచ్చిమీ. సారున్న ఆకు ఒక్కటి ఈ పెరట్లో బతికుంటే నా పేరు ప్రిస్కిల్లా కాదని సెప్పు."

ఆ సంవత్సరమే ఆవిడ దడి పొడుగునా కంది వేసింది, ఒత్తుగా, మనిషెత్తున. మరిది మొహం కనపడకుండా ఉండడానికని ఊరంతా చెప్పుకున్నారు. నిజం కూడా అదే.

క్రిస్మస్ వెళ్ళాక ఒక ఉదయం అరుణశ్రీ వచ్చింది. ఆమదాలవలస పిల్ల, ఒక పరిశోధన కేంద్రంలో కొత్తగా ఉద్యోగంలో చేరింది. వెల్లుల్లికి వచ్చే వైరస్‌ల మీద ఏదో ప్రాజెక్టట. ఈ జిల్లాలో వెల్లుల్లి పండే ఊరు ఉందని ఎవరో చెబితే, ముందు నవ్వి, తర్వాత బస్సెక్కింది.

"మంచి మొక్కల ఆకులు కొన్ని, జబ్బు మొక్కల ఆకులు కొన్ని కావాలండి. వేరువేరుగా తీసుకెళ్తాను" అంటూ చెప్పులు విప్పి మడిలో దిగబోయింది.

ఏసురాజు ఒప్పుకోలేదు. ఇంటికొచ్చిన ఆడపిల్ల బురదలో దిగితే అతని పరువు ఏం కాను? కుర్చీ వేయించాడు. వెంకటలక్ష్మి టీ ఇచ్చింది, టీ తర్వాత జంతికలు పెట్టింది, జంతికల తర్వాత పెళ్ళయిందా అని అడిగింది. ఆ ప్రశ్నకు అరుణశ్రీ జవాబు చెప్పుకునేలోపు ఏసురాజు రెండు కవర్లతో వచ్చేశాడు. ఆకులు తడి న్యూస్‌పేపరులో చుట్టి ఉన్నాయి. ఒక కవరు మీద "మంచివి", రెండోదాని మీద "జబ్బువి" అని తనే రాశాడు. బస్సు టైమైంది. అరుణశ్రీ మూటలు విప్పి చూడకుండా సంచిలో వేసుకుని పరిగెత్తింది.

రెండు వారాలకు ఫోను చేసింది. గొంతు నీరసంగా ఉంది.

"ఏసురాజు గారూ, కవర్లు గానీ తారుమారయ్యాయా?"

"ఎందుకవుతాయమ్మా? నా సేత్తో పెట్టినాను."

"మీరిచ్చిన మంచివాటన్నింట్లో వైరస్ ఉంది. జబ్బువాటిలో ఒక్కదాన్లోనూ లేదు. నేనే పొరపాటు చేశాననుకుని మళ్ళీ మొదట్నుంచి చేశాను. అదే వచ్చింది. మా సార్ నన్ను రెండ్రోజులు గాజుసామాను కడగమన్నారు."

"మీ మిషను ఓసారి బాగు సేయించుకోవాలమ్మా" అన్నాడు ఏసురాజు. మనస్ఫూర్తిగానే అన్నాడు. ఆ పిల్ల గొంతు వింటే అతనికి జాలేసింది.

ఆ శనివారమే మళ్ళీ వచ్చింది. ఈసారి కుర్చీ వద్దంది, టీ గ్లాసు అరుగు మీద పెట్టించి తిన్నగా మడిలోకి నడిచింది. కాస్త దూరం వెళ్ళి ఆగిపోయింది. మడంతా చారలే. ఆ చివర నుంచి ఈ చివర దాకా చూసి, చాలాసేపటికి అడిగింది.

"మంచి మొక్క ఒకటి చూపించండి."

ఏసురాజు వెతుక్కోలేదు. కాళ్ళ దగ్గరున్న మొక్క ఆకు ఎత్తి పట్టాడు. మొదలు నుంచి కొస దాకా పసుపు చారలు. "ఇదిగో. మా నాన్న తెచ్చిన సాచ్చాత్తూ అదే ఇత్తనం."

"జబ్బుది?"

దానికి తిరగాల్సి వచ్చింది. ఆఖరికి ఒక మూల దొరికింది, పక్క మొక్కల కంటే జానెడు ఎత్తు, నున్నగా, ముదురు పచ్చగా. "ఇదిగో కేళీ. ఎంత పొగరుగా పెరిగిందో సూడు" అని దాని మొదలు పట్టుకున్నాడు.

"పీకకండి!" అని అరిచింది అరుణశ్రీ. అరిచి గట్టు మీద కూర్చుండిపోయింది. ఇందాకటి దాకా గారూ అన్న పిల్ల వరస మార్చేసింది.

"బాబాయ్, ఆ చారే జబ్బు."

"ఏ సార?"

"అన్ని చారలూ."

చెప్పడంలో పడి ఆమెకు బస్సు టైము కూడా గుర్తు రాలేదు. ఆకు రసం తీసి చిన్న చిన్న గుంటలున్న పళ్ళెంలో పోస్తారట. దాంట్లో మందులు కలిపితే వైరస్ ఉన్న గుంట పసుపుకు తిరుగుతుంది, లేనిది మంచినీళ్ళలా ఉండిపోతుంది. వైరస్ మొక్కలో ఉంటే పాయలో ఉంటుంది, పాయలో ఉంటే రెబ్బలో ఉంటుంది, ఆ రెబ్బ నాటితే మళ్ళీ మొక్కలోకే వస్తుంది. మధ్యలో పేనుబంక పురుగు దాన్ని ఒక మొక్క మీంచి ఇంకో మొక్కకు మోస్తుంది. ఏటేటా పాయ చిక్కిపోతుంది. తినేవాళ్ళకు ఏ ప్రమాదమూ లేదు, విత్తనానికే పనికిరాదు.

"మందేటి కొట్టాల?"

"దీనికి మందు లేదు బాబాయ్. వైరస్ లేని విత్తనంతో మొదలెట్టడమొక్కటే."

ఏసురాజు తన మడి వైపు చూశాడు. తర్వాత ఊరి వైపు చూశాడు. ఏటేటా ప్రతి ఇంటి దూలానికీ వేలాడేది తను ఇచ్చిన పాయే. ఎవరో దొంగచాటుగా అంటించిన జబ్బు కాదు ఇది. తెల్ల చొక్కా వేసుకుని, గంపలో పెట్టి, ప్రార్థన చేయించి, తన చేత్తో ఇంటింటికీ పంచాడు.

"ఈ పచ్చ మొక్కలు ఏడాదికి కొన్నైనా వచ్చేవి కదా. పీకి ఏం చేసేవారు?" అని అడిగింది అరుణశ్రీ.

గ్లాసు పట్టుకుని వెనకే వచ్చిన వెంకటలక్ష్మి గడ్డంతో దడి వైపు చూపించింది. "అటు ఇసిరీసీవోరు."

అరుణశ్రీ అవతలకి వెళ్ళింది. ఏసురాజు వెళ్ళలేదు. దడి ఇవతల గడ్డి పీకుతున్నట్టు వంగి నిలబడ్డాడు. అక్కడ గడ్డి లేదు.

"అమ్మా, మీ వెల్లుల్లి ఇంత పచ్చగా ఎలా ఉందండీ? ఒక్క చార కూడా లేదు" అంటోంది అరుణశ్రీ.

"సార కనపడితే పీకీసి నెత్తళ్ళ సేపల కూరలో ఏసీస్తన్నాను. మా మరిది దొంగతనం అంటగడతాడు మరి" అంది ప్రిస్కిల్లా, దడి వైపు గొంతు పెంచి. "అయినా ఆ సారల ఎల్లుల్లి కూరలోకి బాగుంటాది. అంతకంటే దేనికీ పనికిరాదు."

"ఈ కంది ఎందుకు వేశారు, ఇంత ఒత్తుగా?"

"ఆ మొకం సూడలేక."

అరుణశ్రీ నవ్వు వినపడింది, సంతోషం పట్టలేని నవ్వు. అడ్డంగా ఎత్తు పైరు ఉంటే పేనుబంక పక్క మడిలోకి రావడం తగ్గుతుందట. జబ్బు మొక్క కనపడగానే పీకేస్తే జబ్బు పాకదట. తమ కేంద్రంలో ఈ రెండూ రైతులకు చెప్పీ చెప్పీ విసిగిపోయారట. "మీ ఇద్దరికీ పడి ఉంటే ఈ మొక్కలు మిగిలేవి కావు" అంది. ఆకులు కోసి, ఈసారి మూటలు తనే కట్టుకుని, కవర్ల మీద పేర్లు తనే రాసుకుని వెళ్ళింది.

ఆమె ఫోను చేసేసరికి ఏసురాజు అన్నం ముందు కూర్చున్నాడు. వెంకటలక్ష్మి స్పీకరు పెట్టింది.

"ఒకటీ రెండూ తప్ప అన్నీ నీళ్ళలా ఉన్నాయి బాబాయ్! ఆ పెరటి పాయలే మీ ఊరికి విత్తనం. పంట తీశాక నేనొచ్చి వల కింద ఎలా పెంచాలో చూపిస్తాను. మీ మడిలోది మాత్రం అంతా పీకేయండి, ఒక్క రెబ్బ కూడా నాటొద్దు. ఎవరికీ ఇవ్వొద్దు."

ఏసురాజు కంచంలో చెయ్యి కడిగేసి దడి దగ్గరికి నడిచాడు. వెంకటలక్ష్మి వెంట వెళ్ళింది. కంది కోసేశారు కాబట్టి అవతల ప్రిస్కిల్లా గిన్నెలు తోముకుంటూ స్పష్టంగా కనపడుతోంది.

"ఇత్తనానికి పాయలు కావాలని అడుగు లచ్చిమీ."

"అక్కా, ఇత్తనానికి పాయలు..."

"నాను అబద్ధమాడినానని మీ ఆయన ఎక్కడన్నాడే?"

"సర్సీలో."

"అందరి ముందా, ఇంట్లోనా?"

"అందరి ముందే అక్కా."

"అయితే అక్కడే, అందరి ముందే సెప్పమను. అప్పుడు సూద్దాం" అని గిన్నెలు లోపలికి తీసుకెళ్ళిపోయింది.

కోతల పండుగ దగ్గర పడింది. ఏసురాజు పాస్టరు గారి దగ్గరికి వెళ్ళి సంగతంతా చెప్పాడు. పాస్టరు గారు మెత్తని మనిషి. "నువ్వేమీ చెప్పొద్దు అన్నా. విత్తనం మార్చమని ఆఫీసువాళ్ళు చెప్పారందాం. ఎవరు అడుగుతారు?" అన్నారు. అది నిజమే, ఎవరూ అడగరు. హుద్‌హుద్ ఇంకో నాలుగేళ్ళు సునాయాసంగా మోస్తుంది. ఏసురాజుకు ఆ మాట ఎంత హాయిగా అనిపించిందంటే ఇంటికొచ్చి కడుపునిండా తిని పడుకున్నాడు. కానీ నిద్ర పట్టలేదు. వదిన ఇవ్వకపోతే విత్తనం లేదు, విత్తనం లేకపోతే ఊళ్ళో వెల్లుల్లి లేదు. అంతకంటే ముందు, ఆవిడ చెప్పింది నిజం. తను అన్నదే అబద్ధం. అన్న బతికుంటే ఏమనేవాడో తలుచుకుంటే అతనికి కళ్ళ నీళ్ళొచ్చాయి.

పండుగ నాడు తెల్ల చొక్కా వేసుకుని, గంప తీసుకుని వెళ్ళాడు. గంప ముందు పెట్టాడు. పాస్టరు గారు ప్రార్థనకు చెయ్యి చాపి, గంపలో చూసి, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. గంపలో ఏమీ లేదు.

"ఇన్నాళ్ళూ నాను ఇచ్చిన పాయలు జబ్బువి" అన్నాడు ఏసురాజు. "సార మన గుర్తనుకున్నాను. అది రోగం. మంచి మొక్కల్ని పీకీసి, రోగమున్నవాటిని ఉంచినాను. మీ అందరికీ నానే అంటించినాను. మా వదిన ఇక్కడ నిలబడి సెప్పింది నిజం. నాను ఆవిడని అబద్ధమన్నాను. ఆ మాట ఎనక్కి తీసుకుంటన్నాను. మీరందరూ నన్ను సెమించాల."

వెనక వరసలోంచి ఒక ముసలామె అడిగింది. "మరి ఈ ఏటి పాయలు తినీయొచ్చేటి?"

"తినీయొచ్చు."

"కూరలో ఏసుకోవచ్చా?"

"ఏసుకోవచ్చు."

చర్చిలో అందరూ ఒక్కసారే ఊపిరి వదిలారు. ఏసురాజు క్షమాపణ కంటే ఆ సంగతే వాళ్ళకు ఎక్కువ నెమ్మదినిచ్చింది. అతను తల ఎత్తి ఆడవాళ్ళ వైపు చూశాడు. ప్రిస్కిల్లా కూర్చున్న చోటు ఖాళీగా ఉంది. విన్నదో, వినకుండానే వెళ్ళిపోయిందో తెలియలేదు.

ఇంటికొచ్చి ఖాళీ గంప అరుగు మీద బోర్లించి, మడిలోకి వెళ్ళి నిలబడ్డాడు. అరుణశ్రీ చెప్పినట్టు అంతా పీకేశాడు. మిగిలింది ఎర్రమట్టి. తండ్రి తెచ్చిన వెల్లుల్లి తన చేతుల్లోనే అయిపోయిందని దిగులుగా ఉంది. పోనీ, చెప్పాల్సింది చెప్పేశాడు. అది కూడా దిగులుగానే ఉంది.

దడి మీంచి ఏదో వచ్చి అతని కాళ్ళ దగ్గర దబ్బున పడింది.

జడలా అల్లిన వెల్లుల్లి. ఒక్కో పాయ పిడికిట్లో పట్టేట్టు లేదు. అతను వంగి తీసుకునేలోపే రెండో జడ వచ్చి భుజానికి తగిలి కింద పడింది. మొక్కలు విసిరినన్నాళ్ళూ తనూ ఇలాగే, అవతల ఎవరున్నారో చూడకుండా విసిరేవాడు.

చర్చి నుంచి అప్పుడే వచ్చిన వెంకటలక్ష్మి, అలవాటు కొద్దీ పరిగెత్తుకెళ్ళి దడి దగ్గర తన చోట్లో నిలబడింది. అవతల నుంచి గొంతు వినపడింది.

"అందిందా అని అడుగే."

వెంకటలక్ష్మి ఇటు తిరిగింది. ఆమె నోరు తెరవకముందే ఏసురాజు రెండు జడలూ గుండెలకు అదుముకుని దడి వైపు నడిచాడు.

"అందింది వదినా" అన్నాడు.



"అయితే సరిగ్గా పట్టుకో మరి. ఇంకోటి ఇసురుతన్నాను" అంది ప్రిస్కిల్లా.